అమ్మకు బ్రెయిన్‌స్టెమ్‌లో (మెదడు కాండంలో) పక్షవాతపు దెబ్బ తగిలింది. "షుగర్ నరాలు" అన్న మాటతో మూడు రోజులు పోయాయి

మల్కాజ్‌గిరి_పెద్దబ్బాయి
మా అమ్మ వయసు 58. 14 ఏళ్ళుగా షుగర్, 9 ఏళ్ళుగా బీపీ ఉన్నాయి. గత నెల ఒక మంగళవారం పొద్దున వాకిట్లో ముగ్గు వేసి లేస్తూ, ఎడమవైపు చూస్తే గేటు రెండుగా కనిపిస్తోందని చెప్పింది. ఒక కన్ను మూసుకుంటే ఒకటే గేటు కనిపిస్తోందని కూడా తానే గమనించి చెప్పింది. వెంటనే దగ్గర్లోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను. అక్కడ షుగర్ 260 ఉందని చూసి, "షుగర్ కంటి నరానికి పట్టింది, రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది" అని చెప్పి, బీ12 బిళ్ళలు రాసి పంపించారు. మేము కూడా నమ్మాం. అమ్మకు ఆరేళ్ళుగా అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయి కాబట్టి, అదే జబ్బు కాస్త పైకి వచ్చిందని అనుకున్నాం.

బుధవారం సాయంత్రం నడుస్తుంటే కుడి కాలి చెప్పు జారి వెనక ఉండిపోయింది. చెప్పు ఊడిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. గురువారం పొద్దున కుడి చేతిలోని టీ గ్లాసు జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. అప్పుడు పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాం. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మర్నాడు ఎమ్మారై తీస్తే, పాన్స్ అనే భాగంలో ఎడమవైపు చిన్న ఇన్‌ఫార్క్ట్ ఉందని, అంటే రక్తం అందక ఆ కాస్త భాగం చచ్చిపోయిందని చెప్పారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చింది.

నన్ను రెండు ప్రశ్నలు నిద్రపోనివ్వడం లేదు. కాళ్ళ తిమ్మిర్ల జబ్బే తలకెక్కిందని మా బంధువులు అంటున్నారు, అది నిజమా? మంగళవారం నాడే దీన్ని గుర్తించడం సాధ్యమయ్యేదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

చార్మినార్_నివాసి
మా ఇళ్ళలో లక్వా అంటే మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం అనే తెలుసు. గేటు రెండుగా కనిపించడం కూడా పక్షవాతమే కావచ్చని నేను మొదటిసారి వింటున్నాను. అమ్మగారు త్వరగా కోలుకోవాలి.

నరాలవార్డు_పీజీ
నేను న్యూరాలజీ విభాగంలో శిక్షణలో ఉన్నాను. అమ్మగారికి వైద్యం చేస్తున్న డాక్టరు మాటే మీకు ప్రమాణం. నేను జబ్బు తీరు మాత్రమే వివరిస్తాను.

మీ బంధువుల మాట నిజం కాదు, కానీ అలా అనుకోవడంలో వారి తప్పు లేదు. మన తెలుగులో "షుగర్ నరాలకు పట్టింది" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులను కలిపేస్తున్నాం. అరికాళ్ళ తిమ్మిర్లు మొదటి రకం. శరీరంలో అన్నిటికంటే పొడవైన నాడులు పాదాల దాకా వెళ్తాయి కాబట్టి వాటి చివరలు ముందు దెబ్బతింటాయి. అది ఏళ్ళ తరబడి, రెండు కాళ్ళలోనూ ఒకేలా, మెల్లగా పెరుగుతుంది. రెండో రకం కంటిని కదిలించే కపాల నాడుల్లో, అంటే మెదడు నుంచి నేరుగా వచ్చే నాడుల్లో, ఏదో ఒకటి, ఆ నాడికి రక్తమిచ్చే అతి సన్నని నాళం మూసుకుపోయి, ఉన్నట్టుండి పనిచేయకపోవడం. క్లినిక్‌లో ఊహించింది ఇదే, ఇది చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. మూడోది మెదడులోనే, అంటే ఆ నాడులు పుట్టే చోటనే, దెబ్బ తగలడం. మీ అమ్మగారికి జరిగింది ఇది.

బ్రెయిన్‌స్టెమ్ మెదడుకూ వెన్నుపాముకూ మధ్య మన బొటనవేలంత లావున ఉండే కాండం. పైన మధ్య మెదడు, నడుమ పాన్స్, కింద మెడుల్లా ఉంటాయి. కాళ్ళూచేతులకు వెళ్ళే ఆజ్ఞలు, శరీరం నుంచి వచ్చే స్పర్శ, చూపు కదలిక, మింగడం, మాట, ఊపిరి, మెలకువ అన్నీ ఆ ఇరుకు దారిలోనే నడుస్తాయి. పాన్స్ ముందు భాగాన్ని ఆనుకుని బేసిలార్ అనే ధమని పైకి వెళ్తుంది. దాని నుంచి వెంట్రుకల్లాంటి సన్నని కొమ్మలు దాదాపు లంబంగా పాన్స్ లోపలికి దిగుతాయి. ఒక కొమ్మ మూసుకుపోతే పక్క కొమ్మ ఆదుకునే ఏర్పాటు అక్కడ పెద్దగా లేదు. ఏళ్ళ తరబడి షుగర్, బీపీ కలిసి ఆ కొమ్మల గోడలను మందంగా, గట్టిగా మారుస్తాయి, లేదా కొమ్మ మొదలయ్యే చోటనే కొవ్వు పేరుకుని మూత పడుతుంది. పాన్స్‌లో మాత్రమే వచ్చే ఇలాంటి చిన్న ఇన్‌ఫార్క్ట్‌లకూ షుగర్‌కూ దగ్గరి సంబంధం ఉందని చాలాకాలంగా గమనిస్తున్నారు. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజుల్లో మెట్టు మెట్టుగా ముదరడం కూడా వీటికి అలవాటే. మీరు చెప్పిన మంగళ, బుధ, గురువారాల క్రమం అచ్చంగా అలాగే ఉంది.

కన్ను ఎడమది, చెయ్యీ కాలూ కుడివి అయ్యాయి కదా, అదే బ్రెయిన్‌స్టెమ్ ఆనవాలు. ఎడమ కన్ను బయటికి తిప్పే ఆరో కపాల నాడి ఎడమ పాన్స్‌లోనే పుట్టి ఎడమవైపే వెళ్తుంది. కుడి చెయ్యికీ కాలికీ వెళ్ళే దారి మాత్రం ఎడమ పాన్స్‌లో నడిచి, కింద మెడుల్లాలో అటువైపు దాటుతుంది. అందుకే ముఖంలో ఒకవైపు, ఒంట్లో మరోవైపు అన్న అడ్డదిడ్డపు లక్షణం కనిపిస్తే మేము మొట్టమొదట ఇక్కడే వెతుకుతాం. 1856లో మిల్లార్, గుబ్లర్ అనే ఫ్రెంచి వైద్యులు ఇలాంటి రోగులను చూసే పాన్స్ దెబ్బను వర్ణించారు. అప్పటికి ఏ స్కానూ లేదు.

రామంతాపూర్_టీచరమ్మ
పీజీ గారి వివరణ బాగుంది, కానీ చదివినవారు అనవసరంగా బెదిరిపోకూడదని నా అనుభవం చెబుతున్నాను. నాకు 61 ఏళ్ళు, షుగర్ వచ్చి 11 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం కుడి కనుబొమ్మ దగ్గర గట్టిగా నొప్పి వచ్చి, మర్నాటికి రెప్ప పూర్తిగా వాలిపోయింది. రెప్ప ఎత్తి చూస్తే అన్నీ రెండుగా కనిపించేవి. పది వారాల్లో మొత్తం తగ్గిపోయింది. స్కానింగ్ కూడా అవసరం పడలేదు. మా వైద్యుడు కూడా "మూడు నెలల్లో సర్దుకుంటుంది" అనే చెప్పారు, అలాగే సర్దుకుంది. క్లినిక్ వారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు.

నరాలవార్డు_పీజీ
టీచరమ్మ గారూ, మీకు వచ్చింది రెప్పను ఎత్తి, కంటిని తిప్పే మూడో కపాల నాడి బలహీనత. మీ వైద్యుడు టార్చి వేసి మీ కంటిపాపను తప్పకుండా చూసి ఉంటారు. షుగర్ వల్ల వచ్చే మూడో నాడి దెబ్బలో చాలాసార్లు నాడి లోపలి పోగులు దెబ్బతింటాయి, పాపను నడిపే పైపొర పోగులు మిగులుతాయి. కాబట్టి రెప్ప పూర్తిగా వాలినా పాప మామూలుగానే ఉంటుంది. పాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోతే, ఒక ధమని బుడగలా ఉబ్బి ఆ నాడిని నొక్కుతోందేమోనని అనుమానించాలి. ఆ బుడగ పగిలితే ప్రాణాపాయం కాబట్టి, అప్పుడు అదే రోజు రక్తనాళాల స్కానింగ్ చేయాలి. మీ విషయంలో వేచి చూడడం సరైనదే అయింది. కానీ అది పరీక్ష చేసి, ఆలోచించి వేచి చూడడం. ఈ అమ్మగారిని నడిపించి చూశారా, చేతులు చాపించి చూశారా అన్నదే నా ప్రశ్న.

మల్కాజ్‌గిరి_పెద్దబ్బాయి
నడిపించి చూడలేదు. కుర్చీలో కూర్చున్నచోటే కంట్లో లైటు వేసి, బీపీ చూసి, చీటీ రాశారు. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టింది.

లెక్కల_మనిషి
బాధ అర్థమైంది, అయినా ఒక మాట అడగక తప్పదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. వీరిలో కళ్ళు తిరిగిన ప్రతివారికీ, చూపు మసకబారిన ప్రతివారికీ ఎమ్మారై తీయమంటే అది జరిగే పనేనా? వేల రూపాయలు పోసి స్కాన్ తీయించుకుని, "ఏమీ లేదు" అని చెప్పించుకున్న కుటుంబాలు మా బంధువుల్లోనే మూడు ఉన్నాయి. పేదవాడికి అది నెల జీతం.

బాలానగర్_లేత్
లెక్కల మనిషి గారూ, మా నాన్న సంగతి విన్నాక కూడా మీరు ఇదే మాట అంటారో లేదో చూడండి.

నాన్నకు 64 ఏళ్ళు. షాపులో నాతోపాటే లేత్ మెషిన్ మీద పని చేసేవారు. షుగర్‌కు బిళ్ళలు వేసుకునేవారు గానీ పరీక్షలు చేయించుకునేవారు కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారిగా కళ్ళు తిరిగి, వాంతులై, ఎడమవైపుకు తూలిపోయారు. ఆ తర్వాత ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎక్కిళ్ళంటే మామూలువి కావు, రాత్రంతా ఆగలేదు. మా అమ్మ చక్కెర పెట్టింది, నీళ్ళు తాగించింది. నీళ్ళు తాగితే పొలమారి ముక్కులోంచి వచ్చేవి. "ఎవరో తలచుకుంటున్నారు" అని మా మేనత్త అన్నది. మందుల షాపులో గ్యాస్ మందు ఇచ్చారు. మర్నాడు ఒక చోట చూపిస్తే చెవి లోపలి సమస్య అని కళ్ళు తిరగడానికి బిళ్ళలు రాశారు. చేతుల్లో, కాళ్ళలో బలం తగ్గలేదు, మూతి వంకర పోలేదు. కాబట్టి పక్షవాతం అన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు.

మూడో రోజు స్నానానికి వేడినీళ్ళు తోడి ఇస్తే, ఎడమ భుజం మీద పోసుకున్నప్పుడు వేడి తెలుస్తోందనీ, కుడి భుజం మీద పోసుకుంటే నీళ్ళు పడుతున్నట్టు తెలుస్తోంది గానీ వేడి తెలియడం లేదనీ నాన్నే చెప్పారు. ముఖంలో మాత్రం ఎడమ చెంప మొద్దుబారింది. ఎడమ రెప్ప కొద్దిగా వాలింది, గొంతు బొంగురుపోయింది. ఈ మాటలన్నీ విన్న ఒక పెద్ద డాక్టరు, స్కాన్‌కు పంపకముందే, కాగితం మీద మెడుల్లా బొమ్మ గీసి ఎడమ పక్కన చుక్క పెట్టి చూపించారు. ఎమ్మారైలో సరిగ్గా అక్కడే ఉంది. జబ్బు పేరు వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ అని చెప్పారు. అప్పటికే పొలమారిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి నిమ్ము చేసింది. ముక్కులోంచి గొట్టం వేసి ఆరు వారాలు దాంతోనే ఆహారం ఇచ్చాం. నాన్న బతికారు, ఇప్పుడు నడుస్తున్నారు. కానీ ఈ రోజుకీ కుడి చేత్తో వేడి గిన్నె పట్టుకుంటే కాలిన సంగతి ఆయనకు తెలియదు.

రామంతాపూర్_టీచరమ్మ
వేడినీళ్ళ సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. మీ నాన్నగారు ఆ తేడాను గమనించి చెప్పడమే ఆయనను కాపాడింది.

నరాలవార్డు_పీజీ
లేత్ గారూ, మీరు చెప్పినంత స్పష్టంగా మా పుస్తకాల్లో కూడా ఉండదు. అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1895లో ఇలాంటి ఒక రోగిని చూసి దెబ్బ ఎక్కడుందో ముందే ఊహించాడు. 1901లో ఆ రోగి చనిపోయాక శవపరీక్షలో అది నిజమని తేలింది.

లెక్కల మనిషి గారి అభ్యంతరం న్యాయమైనదే. అందరికీ స్కాన్ అక్కర్లేదు. అందరికీ అవసరమైనది పరీక్ష, దానికి యంత్రం అవసరం లేదు. ఉన్నట్టుండి మొదలై ఆగకుండా కళ్ళు తిరుగుతున్నవారిలో, తల పక్కకు వేగంగా తిప్పినప్పుడు చూపు నిలుస్తుందా, కంటి కుదుపు ఏ దిక్కుకు ఉంది, ఒక కన్ను కిందికి మరొకటి పైకి ఉన్నాయా అన్న మూడు విషయాలను చూసి, ఇది చెవిదా మెదడుదా అని శిక్షణ ఉన్న వైద్యుడు మంచం పక్కనే చాలావరకు తేల్చవచ్చని 2009 నుంచి మాకు నేర్పుతున్నారు. పైగా ఇలాంటి చిన్న దెబ్బలు మొదటి 24 నుంచి 48 గంటల్లో ఎమ్మారైలో కూడా కొన్నిసార్లు కనిపించవు. సీటీ అయితే పుర్రె అడుగు ఎముకల నీడల వల్ల ఈ ప్రాంతాన్ని ఇంకా తక్కువగా చూపిస్తుంది. కాబట్టి "సీటీ నార్మల్" అన్న కాగితం చూసి ఇంటికి వెళ్ళిపోకూడదు.

కూకట్‌పల్లి_కోడలు
ఆసుపత్రికి పరుగెత్తే ముందు ఇంట్లో చేయవలసిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ ఇంకా చెప్పలేదు. మా మామగారు షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ళలు వాడేవారు, మూత్రపిండాల పనితీరు కూడా తగ్గింది. ఒక రోజు తెల్లవారుజామున అత్తయ్య లేపితే మాట లేదు, ఎడమ చెయ్యి ఎత్తలేకపోతున్నారు, ఒళ్ళంతా చెమట. మేము పక్షవాతమే అనుకుని ఏడుస్తూ 108కి ఫోన్ చేశాం. వచ్చినవారు ముందుగా వేలు గుచ్చి చూస్తే షుగర్ 38 ఉంది. నరానికి గ్లూకోజ్ ఎక్కించిన పది నిమిషాల్లో లేచి కూర్చుని, "ఎందుకే ఏడుస్తున్నారు" అని అడిగారు. చెయ్యి కూడా లేచింది. షుగర్ మిషన్ మా అలమారలోనే ఉంది, కానీ మాకు ఆ క్షణంలో గుర్తే రాలేదు.

నరాలవార్డు_పీజీ
చాలా ముఖ్యమైన మాట చెప్పారు. షుగర్ పడిపోవడం పక్షవాతాన్ని అచ్చంగా అనుకరిస్తుంది. 70 కంటే తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క, 54 కంటే తక్కువైతే ప్రమాదం. మెలకువగా ఉండి మింగగలిగితే గ్లూకోజ్ గానీ చక్కెర నీళ్ళు గానీ ఇవ్వండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. షుగర్ సరిగానే ఉండి లక్షణాలు అలాగే ఉంటే, లేదా ఇచ్చాక కూడా తగ్గకపోతే, ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు 4.5 గంటలు. బేసిలార్ ధమని మొత్తం మూసుకుపోయినప్పుడు గొట్టం పంపి గడ్డను లాగే చికిత్స ప్రాణాలు నిలుపుతుందని 2022లో చైనాలో జరిగిన రెండు పరిశోధనలు చూపాయి. కానీ దానికి ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా చేరాలి. సాయంత్రం ఆరు గంటలకు అమీర్‌పేట దాటడానికి ఎంతసేపు పడుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. కాబట్టి మీ ప్రాంతంలో అలాంటి ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

లెక్కల_మనిషి
లేత్ గారి నాన్నగారి విషయం చదివాక నా మాటను సవరించుకుంటున్నాను. "ఉన్నట్టుండి" అన్నదే గీటురాయి అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ఇదంతా వచ్చాక చేసేది. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టుకుంటే అసలు రాదు కదా? హెచ్‌బీఏ1సీ 6 లోపు ఉంచుకుంటే చాలని నా అభిప్రాయం.

నరాలవార్డు_పీజీ
ఇక్కడ మీతో గట్టిగా విభేదిస్తాను. షుగర్ అదుపు కళ్ళను, మూత్రపిండాలను, పాదాల నాడులను కాపాడుతుందని బలమైన రుజువులున్నాయి. పక్షవాతం విషయంలో మాత్రం షుగర్‌ను మరీ కిందికి దించడం వల్ల వచ్చిన లాభం అంత స్పష్టంగా లేదు. 2008లో అకార్డ్ అనే పెద్ద పరిశోధనలో, హెచ్‌బీఏ1సీ 6 లోపుకు తేవాలని గట్టిగా ప్రయత్నించిన వర్గంలో మరణాలు ఎక్కువయ్యాయి కాబట్టి ఆ భాగాన్ని ముందే ఆపేశారు. కూకట్‌పల్లి కోడలు గారి మామగారి వంటివారికి 6 లోపు అన్న లక్ష్యం పెడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. ఎక్కువమందికి 7 దగ్గర లక్ష్యం సరిపోతుంది, పెద్ద వయసువారికి ఇంకా కొంచెం సడలిస్తారు.

పక్షవాతాన్ని నిజంగా తగ్గించేవి బీపీ, కొవ్వు మందులు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ పరిశోధన 1998లో ప్రకటించిన ఫలితాల్లో, షుగర్ ఉన్నవారి బీపీని గట్టిగా అదుపు చేసిన వర్గంలో పక్షవాతం 44 శాతం తగ్గింది. 2004లో కార్డ్స్ పరిశోధనలో కొవ్వు తగ్గించే అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మందును రోజూ 10 మిల్లీగ్రాములు వాడినవారిలో 48 శాతం తగ్గింది. షుగర్ మిషన్ ఉన్న ఇళ్ళు మన హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, బీపీ మిషన్ ఉన్న ఇళ్ళు అన్ని కనిపించవు. "కొలెస్ట్రాల్ నార్మల్‌గానే ఉంది కదా" అని స్టాటిన్ బిళ్ళను తమంతట తామే ఆపేసినవారిని నేను ప్రతి వారం చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

ఐసీయూ_సిస్టర్
పాన్స్‌కు దెబ్బ రక్తనాళం మూసుకుపోవడం వల్లనే రాదని ఒక మాట చేర్చాలి. ఒంట్లో ఉప్పు, అంటే సోడియం, బాగా పడిపోయిన రోగికి దాన్ని మరీ వేగంగా పెంచితే, పాన్స్ నడుమ నాడుల చుట్టూ ఉండే మైలిన్ పొర కరిగిపోతుంది. 1959లో మొదటిసారి వర్ణించిన జబ్బు ఇది. తాగుడు అలవాటు ఉన్నవారికి, తిండి సరిగా లేనివారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, పొటాషియం తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువ. షుగర్ మరీ ఎక్కువై ఒంట్లో నీరంతా పోయిన స్థితిలో కూడా అరుదుగా వస్తుంది. అందుకే మేము ఐసీయూలో కొన్ని గంటలకోసారి రక్తం తీసి, 24 గంటల్లో సోడియం 8 నుంచి 10 యూనిట్లకు మించి పెరగకుండా చూస్తాం. "ఇన్నిసార్లు రక్తం ఎందుకు తీస్తున్నారు, ఒకేసారి ఎక్కించేయవచ్చు కదా" అని బంధువులు కోప్పడతారు. ఆలస్యం చేయడమే అక్కడ వైద్యమని వారికి ఓపికగా చెప్పవలసి ఉంటుంది.

చార్మినార్_నివాసి
సిస్టర్ గారి మాట చూశాక 2021 వేసవి గుర్తుకు వచ్చింది. కోవిడ్ తగ్గిన మా చిన్నాన్నకు షుగర్ బాగా పెరిగి, బుగ్గ వాచి, ముక్కులో నల్లటి పక్కు కట్టి, ఒక కన్ను కదలకుండా పోయింది. మ్యూకర్ అన్నారు, అప్పట్లో అందరూ బ్లాక్ ఫంగస్ అనేవారు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆ రోజుల్లో వరండాల నిండా అలాంటివారే ఉండేవారు. కన్ను రెండుగా చూపించడానికి అది కూడా ఒక కారణం కాదా?

నరాలవార్డు_పీజీ
కారణమే, అత్యవసరమైన కారణం. ఆ బూజు సైనస్‌ల నుంచి కంటి గూటిలోకి, అక్కడి నుంచి కళ్ళను కదిలించే నాడులన్నీ కలిసి వెళ్ళే కేవర్నస్ సైనస్ అనే సిరల గదిలోకి పాకుతుంది. రక్తనాళాల గోడల్లోకి కూడా చొచ్చుకుపోతుంది. షుగర్ ఎక్కువగా ఉండి, ముఖంలో నొప్పి, వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం, జంట చూపు కలిసి వస్తే అదే రోజు ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి.

వినికిడి_పరీక్షలు
నేను బెరా పరీక్షలు చేస్తాను, కాబట్టి నాకు తెలిసిన చిన్న విషయం చెబుతాను. చెవిలో టిక్ టిక్ శబ్దం వినిపించి, ఆ సంకేతం బ్రెయిన్‌స్టెమ్ గుండా ఎంత వేగంగా వెళ్తోందో తల మీది ఎలక్ట్రోడ్లతో కొలుస్తాం. మొదటి అలకూ అయిదో అలకూ మధ్య మామూలుగా సుమారు 4 మిల్లీసెకన్లు పడుతుంది. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవారిలో, ఏ లక్షణమూ లేకపోయినా, ఈ సమయం కొంచెం పెరిగి ఉంటోందని పలు అధ్యయనాల్లో గమనించారు. దీన్నిబట్టి బ్రెయిన్‌స్టెమ్‌కు మెల్లగా జరిగే నష్టం కూడా ఒకటి ఉందని అర్థమవుతుంది. అయితే పక్షవాతం వస్తుందో రాదో ఈ పరీక్ష చెప్పదు. దయచేసి ఎవరూ దానికోసం నా దగ్గరికి రావద్దు.

మల్కాజ్‌గిరి_పెద్దబ్బాయి
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారం. అమ్మను ఇంటికి తీసుకొచ్చాం. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ 21 రోజులు వాడి, తర్వాత ఒకటే కొనసాగించమన్నారు. రెండూ కలిపి ఎక్కువ కాలం వాడితే ఇంకా మంచిది కదా అని మా చెల్లెలు అడుగుతోంది. అమ్మకు నీళ్ళు తాగితే అప్పుడప్పుడూ పొలమారుతోంది. అందుకే గట్టివి మానేసి గంజి, కొబ్బరినీళ్ళు, పలచటి మజ్జిగ ఇస్తున్నాం.

నరాలవార్డు_పీజీ
డాక్టరు చెప్పిన రోజు దాటి రెండూ కలిపి వాడవద్దు. చిన్న పక్షవాతం తర్వాత మళ్ళీ వచ్చే ముప్పు మొదటి వారాల్లోనే ఎక్కువ, రెండు మందుల లాభం ఆ కాలంలోనే ఉంటుంది. ఆ తర్వాత రక్తస్రావం ముప్పే మిగులుతుంది. ఆహారం గురించి ఫిజియో గారు రాస్తే బాగుంటుంది.

ఫిజియో_సికింద్రాబాద్
పెద్దబ్బాయి గారూ, పలచటివి ఇవ్వడం దయచేసి ఈ పూట నుంచే ఆపండి. జబ్బు మనిషికి గంజి పోయడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు, ప్రేమతో చేసేదే. కానీ బ్రెయిన్‌స్టెమ్ దెబ్బ తగిలినవారికి అన్నిటికంటే ప్రమాదమైనవి పలచటి ద్రవాలే. అవి గొంతులో వేగంగా జారుతాయి. గాలి గొట్టం మూసుకునేలోపే అందులోకి దిగిపోతాయి. మింగే శక్తిని పరీక్షించే స్పీచ్ థెరపిస్టుకు ముందుగా చూపించండి. అప్పటిదాకా, వైద్యుడు నోటితో ఇవ్వవచ్చని చెప్పి ఉంటే, చిక్కటి రాగి జావలా, గట్టి పెరుగులా, మెత్తగా చిదిమిన పప్పన్నంలా గరిటె నుంచి నెమ్మదిగా జారే పదార్థాలే ఇవ్వండి. జావ తాగాక షుగర్ ఎంత ఉందో చూసుకుంటూ ఉండండి. నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డాన్ని కొద్దిగా ఛాతీ వైపు వంచి మింగమనండి, చిన్న చెంచాతో పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. తిన్న తర్వాత గొంతు నీళ్ళు నిండినట్టు గరగరలాడితే, లేదా జ్వరం వస్తే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దగ్గు రాకపోయినంత మాత్రాన లోపలికి పోలేదని అనుకోవద్దు. గొంతులో స్పర్శ తగ్గినవారికి దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది.

జంట చూపుకు ఒక కన్ను మూసే గుడ్డ పట్టీ వాడవచ్చు. రెండు గంటలకోసారి కన్ను మార్చండి. పట్టీ ఉన్నప్పుడు దూరాల అంచనా తప్పుతుంది కాబట్టి మెట్లు, వేడి టీ, గ్యాస్ పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. కుడి కాలికి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. వారానికి ఒకరోజు కాకుండా, రోజుకు నాలుగుసార్లు పది పది నిమిషాలు సాధన చేయిస్తే మొదటి మూడు నెలల్లో మార్పు బాగా కనిపిస్తుంది.

బాలానగర్_లేత్
ఫిజియో గారు చెప్పింది అక్షరాలా నిజం. మేము నీళ్ళు పోసే నాన్నకు నిమ్ము తెచ్చుకున్నాం. చిక్కటి జావతోనే ఆయన మళ్ళీ నోటితో తినడం మొదలైంది. పెద్దబ్బాయి గారూ, సందేహం వస్తే ఎంత రాత్రైనా ఇక్కడ రాయండి.

రామంతాపూర్_టీచరమ్మ
నేను కూడా ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్లినిక్ వారు చెప్పింది తప్పు కాదని రాశాను. జబ్బు పేరు తప్పు కాకపోవచ్చు, కానీ మనిషిని లేపి నాలుగు అడుగులు నడిపించకుండా ఆ పేరు పెట్టడం తప్పే.

మల్కాజ్‌గిరి_పెద్దబ్బాయి
అయిదు వారాలయింది, కాబట్టి సంగతి చెబుతున్నాను. ఫిజియో గారు చెప్పినట్టు స్పీచ్ థెరపిస్టుకు చూపించాం, ఇప్పుడు పలచటి మజ్జిగ కూడా పొలమారకుండా తాగుతోంది. మాట దాదాపు మామూలైంది. కుడి చేత్తో అన్నం కలుపుకుంటోంది, కానీ ముద్ద చేయడం ఇంకా కుదరడం లేదు. ఎడమ చివరికి చూస్తేనే రెండుగా కనిపిస్తోంది, ఎదురుగా చూస్తే ఒకటే. బీపీ మిషన్ కొన్నాం. పొద్దునా సాయంత్రం రాసి పెడుతున్నాను, ఈ వారం 128 నుంచి 136 మధ్య ఉంది. అటోర్వాస్టాటిన్ రాత్రి భోజనం తర్వాత నేనే చేతికిచ్చి వేయిస్తున్నాను.

ఆ క్లినిక్‌కు నిన్న ఎమ్మారై కాగితం తీసుకుని వెళ్ళాను. గొడవకు కాదు. ఆ డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత బయట వరుసలో కూర్చున్న ఒక పెద్దాయనను లోపలికి పిలిచి, కూర్చోబెట్టకుండా, తలుపు దాకా నడిచి రమ్మన్నారు.